చిగుళ్ల రంగు

"ఇది మీరు చేసిందేనా?"

కిష్టప్ప తలెత్తి చూశాడు. క్లినిక్ వెనక గది గుమ్మంలో ఒకమ్మాయి నిలబడి ఉంది. ఒక చేత్తో చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. రెండో చేతిలో చిన్న ప్లాస్టిక్ డబ్బా, అందులో నాలుగు ముందు పళ్లున్న గులాబీ రంగు ప్లేటు.

"నేనే చేసిన మేడం. ఏమైంది?"

"నోరు మండిపోతోంది. అంగిలంతా పొక్కింది. మంచినీళ్లు తాగినా మంటే."

మాటల మధ్య నుంచి గాలి జారిపోతోంది. అది తనకే వినపడి ఆ అమ్మాయి కొంగు ఇంకాస్త బిగించి పట్టుకుంది.

కిష్టప్ప ప్లేటు తీసి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. లిక్విడ్ వాసన ఇంకా పోలేదు.

"ఇది కోల్డ్ క్యూర్‌ది. పౌడర్ల లిక్విడ్ కలిపితే దానంతట అదే గట్టిపడ్తది. పొద్దున చేస్తే సాయంత్రం ఇచ్చేయొచ్చు. గానీ జెర లిక్విడ్ లోపల్నే మిగుల్తది. అదే మెల్లమెల్లగ బయటికొచ్చి మండిస్తది. అందరికి కాదు, కొందరికి పడది."

"తెలిసే చేశారా?"

"ఆదివారం లోపల కావాలన్నరు. అంత జల్దీ అంటే గిదే అయితది."

"నేను అనలేదు."

"మీ నాయిన అన్నడు."

"అయితే మా నాన్ననే పెట్టుకోమనండి."

కిష్టప్పకి నవ్వొచ్చింది. కొంగు పైన ఉన్న ఆ కళ్లు చూసి ఆపుకున్నాడు. పోట్లాడటానికి వచ్చిన మనిషి కళ్లలో కోపమైనా ఉండాలి కదా. అక్కడ ఏమీ లేదు.

"హీట్ క్యూర్‌తోని మళ్ల చేస్త. అది వేడినీళ్లల్ల దినమంత కాగాలె, చల్లారాలె, నీళ్లల్ల నానాలె. టైం పడ్తది గానీ మండదు. పండ్లు మంచిగుంటయి."

"పండ్లు కాదు, పళ్లు."

"మా తాన పండ్లే."

"మా దగ్గర పండ్లు బుట్టలో ఉంటాయి."

ఆ మాట ఎలా వచ్చిందో ఆమెకే తెలియనట్టు ఒక్క క్షణం ఆగింది. తరవాత మొహం మళ్లీ మూసుకుపోయింది. "వద్దులెండి. ఏం చేయొద్దు. ఇలాగే బావుంది."

"వద్దనుకుంటే ఇంత ఎండల ఎందుకొచ్చిండ్రు?"

ఆమె డబ్బా బల్ల మీద పెట్టేసి వెళ్లిపోయింది.

పటాన్‌చెరు బస్టాండు వెనక సందులో ఉంది ఆ క్లినిక్. డాక్టరు హైదరాబాదు నుంచి వచ్చి వెళతాడు. మంచివాడే కానీ తొందరెక్కువ. ఆ సాయంత్రం ఆయన చేతులు కడుక్కుంటుంటే కిష్టప్ప ఆ అమ్మాయి గురించి అడిగాడు.

"సూర్యారావుగారి కూతురయ్యా. పేరు నాగరత్నం. పోయిన వానాకాలం బొంబాయి రోడ్డు మీద వాళ్ల స్కూటర్‌ని లారీ కొట్టింది. నడిపింది తమ్ముడు, రాజా అని. అక్కడికక్కడే పోయాడు. ఈ పిల్లకి నాలుగు పళ్లతో పోయింది." డాక్టరు తువ్వాలు పట్టుకుని ఆగాడు. "పోయింది అంటున్నాను, చూడు."

సూర్యారావు తణుకు వైపు మనిషి. పెళ్లికాకముందే ఇక్కడి ప్రభుత్వ ఫ్యాక్టరీలో ఉద్యోగానికి వచ్చి, కంపెనీ క్వార్టర్స్‌లోనే ఇద్దరు పిల్లల్ని పెంచాడు. కొడుకు పోయాక ఆయన భార్య బుల్లెమ్మ పెరటి గుమ్మంలో కూర్చున్నది కూర్చున్నట్టే ఉంటోంది. ఎవరితోనూ మాట్లాడదు. కూతుర్నయినా ఆ ఇంట్లోంచి పంపించేయాలని ఆయన తాపత్రయం. గోదావరి వైపు నుంచి ఒక సంబంధం వస్తోంది. అందుకే ప్లేటుకి అంత తొందర. నోరు పొక్కడంతో ఆ చూపులు వాయిదా పడ్డాయి.

కిష్టప్పది దగ్గరి ఊరే. కంపెనీల విషపు నీళ్లు దిగి బావి పచ్చబడ్డాక సేద్యం వదిలి ఈ పని నేర్చుకున్నాడు. ఎన్నో నోళ్లకి పళ్లసెట్లు చేశాడు. ఒకరి మొహం తలచుకుంటూ నిద్రపోవడం మాత్రం అదే మొదలు. మొహం కూడా కాదు, కొంగు పైన ఉన్న సగం మొహం.

పొక్కులు మానాక నాగరత్నం మళ్లీ వచ్చింది. డాక్టరు కొలత తీసుకుని, రంగు చూసుకోమని వెనక గదికి పంపాడు. కిష్టప్ప ఆమెని వెనక వరండాలోకి, పగటి వెలుతురులోకి తీసుకెళ్లాడు. రేకుల మీద మబ్బు దిగి ఉంది.

"కొంగు తియ్యాలె మేడం."

"ఎందుకు?"

"చిగుళ్ల రంగు సూడాలె. డబ్బాల వచ్చే పౌడర్ తెల్లోళ్ల చిగుళ్లకు చేసింది. మనకు పెడితే బొమ్మకు పెట్టినట్టుంటది."

"ఇప్పుడు కావాల్సింది బొమ్మే కదండీ. కూర్చోబెట్టి చూపించడానికి."

ఆమె ఆ మాట ఏ కోపమూ లేకుండా అంది. కిష్టప్ప జేబులోంచి చిన్న చిన్న బిళ్లలు తీశాడు. గులాబీ పౌడర్‌లో ముదురు రంగు కొద్దికొద్దిగా కలిపి, ముందే ఉడికించి చేసుకున్నవి. నాగరత్నం అటూ ఇటూ చూసి, కళ్లు మూసుకుని కొంగు దించింది.

అతను పని చూసుకున్నాడు. ఒక బిళ్ల పెట్టి తీశాడు. ఇంకొకటి. మూడోది పెట్టి, తల పక్కకి వంచి, "గిది సరిపోయింది. నేరేడుపండ్లు తిన్నంక ఉండే రంగు," అన్నాడు.

"అది పండే. ఈసారి సరిగ్గానే అన్నారు."

ఇద్దరూ ఒకళ్లనొకళ్లు చూసుకున్నారు. ఆమె కొంగు కోసం చెయ్యెత్తలేదు.

"మీ పేరు కిష్టప్ప అంటే ఎవరో ముసలాయన అనుకున్నాను."

"మా తాత పేరు. ఆయన పోయిండు, పేరు నాకొచ్చింది."

వాన మొదలైంది. రేకుల మీద చినుకుల చప్పుడు వినగానే నాగరత్నం గోడకి ఆనుకుపోయింది. కిష్టప్ప చూశాడు కానీ దేనికో తెలియక పని మాటే ఎత్తాడు.

"మీరు నవ్వితే పైపండ్లు ఎంత కనపడ్తయో తెల్వాలె. పాత ఫోటో ఉంటే తేండ్రి."

"అన్ని ఫోటోల్లోనూ రాజా ఉన్నాడు."

"ఉంటే ఏముంది? మీది సూసుకుంట."

ఆమె వాననే చూస్తూ చెప్పింది. "ఆ రోజు కూడా ఇలాగే పడుతోంది. వాడేదో జోకు చెప్పాడు. నేను నవ్వాను. వాన హోరులో వాడికి వినపడలేదు. నవ్వానో లేదో చూద్దామని వెనక్కి తిరిగాడు."

అంతే చెప్పింది. మీ తప్పేం లేదు అనే మాట కిష్టప్ప నోటిదాకా వచ్చింది. ఆ మాట ఆమెకి ఇప్పటికే ఎంతమంది చెప్పి ఉంటారో, అది ఎందుకు పనికిరాలేదో అతనికి అర్థమైంది. బిళ్ల అతని చేతిలోనే ఉండిపోయింది.

"జెర లోపలికి రాండ్రి," అన్నాడు చివరికి. "తడుస్తున్నరు."

ఆ తరవాత ఒక మధ్యాహ్నం ఎవరో పెద్దావిడ ఆటో దిగి నేరుగా వెనక గదికే వచ్చింది. చాలాసేపు గుమ్మం దగ్గరే నిలబడింది. కిష్టప్ప స్టూలు జరిపితే కూర్చుంది.

"రత్నం వాళ్లమ్మనయ్యా." గొంతు వాడక తుప్పు పట్టినట్టుంది. చెంగు ముడి విప్పి ఒక ఫోటో తీసింది. పదిహేడేళ్ల కుర్రాడు క్రికెట్ బ్యాటు పట్టుకుని నవ్వుతున్నాడు. "ఇద్దరివీ ఒకటే పళ్లు. ఈ పక్కపన్ను చూడు, కాస్త ముందు పన్ను మీదకి ఎక్కి ఉంటుంది. దానికీ అంతే. చిన్నప్పుడు అద్దం ముందు నిలబడి నీది ఎక్కువ వంకరంటే నీది ఎక్కువని కొట్టుకునేవాళ్లు. అలా పెట్టగలవా?"

"పెడ్త అమ్మా."

"మొదట చేసిందాంట్లో అన్నీ వరసగా ఉన్నాయి. అది మా పిల్లలా లేదు."

బుల్లెమ్మ ఫోటో వదిలి వెళ్లడానికి ఒప్పుకోలేదు. కిష్టప్ప మైనంలో పళ్లు అమర్చి, పన్ను కొద్దిగా తిప్పి, ఆమెకి చూపించి, మళ్లీ తిప్పేదాకా అక్కడే కూర్చుంది. సరిగ్గా కుదిరాక ఫోటో మళ్లీ చెంగున ముడేసుకుని లేచి వెళ్లిపోయింది.

మర్నాడు పొద్దున్నే కిష్టప్ప పని మొదలుపెట్టాడు. ఫ్లాస్కు అనే ఇత్తడి అచ్చుపెట్టెలో మైనం పళ్లని పెట్టి ప్లాస్టర్ పోసి, గట్టిపడ్డాక మరిగే నీళ్లతో మైనం కరిగించేశాడు. మైనం ఉన్న చోట ఇప్పుడు ఖాళీ. నేరేడు రంగు పౌడర్‌లో లిక్విడ్ కలిపి మూత పెట్టి కూర్చున్నాడు. ముందు తడి ఇసుకలా ఉంటుంది. తరవాత తీగలు సాగుతుంది. తొందరపడి అప్పుడే తీస్తే చేతికంటుకుని పాడవుతుంది. మరీ ఆలస్యమైతే రబ్బరులా బిగుస్తుంది. మధ్యలో ఒకసారి పూరీపిండిలా మెత్తగా, వేలికి అంటకుండా ఉండే ఘడియ వస్తుంది. దాని కోసం కాచుకోవాలి.

ఆ పిండిని అచ్చులో నింపి, బోల్టులు బిగించి, గోరువెచ్చని నీళ్లలో దించాడు. స్టవ్ మంట తగ్గించి దాన్నే చూస్తూ ఉండిపోయాడు. వేడి ఒక్కసారి పెరిగితే లోపల బుడగలొస్తాయి. పైకి నున్నగానే ఉంటుంది, తరవాత అక్కడే విరుగుతుంది. అలా కూర్చున్నప్పుడు అతనికి తెలిసింది, తన ఎడమచేతిలో నాగరత్నం కింది దవడ అచ్చు ఉందని, స్టవ్ మంట తగ్గించినప్పటి నుంచీ అది అక్కడే ఉందని.

ఇంటికెళ్లాక తల్లి దేవమ్మకి నాగరత్నం సంగతి చెప్పేశాడు. ఆమె చేట కింద పెట్టింది.

"దునియాల పిల్లలే లేరారా? ఆంధ్రోళ్ల పిల్ల. ముంగటి పండ్లు లేవంటివి. ఇంట్ల సావు అంటివి. ఏం సూసినవ్‌రా ఆమెల?"

"నాకు తెల్వదమ్మా."

"ఆ పిల్లకన్న తెలుసా?"

"తెల్వదు."

దేవమ్మ రెండు రోజులు కొడుకుతో మాట్లాడలేదు.

ప్లేటు పెట్టుకోవడానికి నాగరత్నం తండ్రితో వచ్చింది. డాక్టరు ప్లేటు అమర్చి, చేతికి అద్దం ఇచ్చి, "ఒకసారి నవ్వమ్మా," అన్నాడు. ఆమె అద్దంలోకి చూసింది. పెదవులు కొద్దిగా విడ్డాయి. సూర్యారావు కుర్చీలోంచి లేచి బయటికి వెళ్లిపోయాడు.

నాగరత్నం అద్దం చేతిలో ఉండగానే వెనక గదికి వచ్చింది.

"ఎవరు చెప్పారు మీకు, ఆ పన్ను అలా పెట్టమని?"

"మీ అమ్మ."

"నోరు నాది. నన్నడగొద్దా?"

నిజంగానే కిష్టప్ప ఆమెని అడగలేదు. ఆమె సంతోషిస్తుందనుకున్నాడు. ఆ వాన రోజున ఆమె చెప్పిందంతా విని కూడా అలా ఎలా అనుకున్నాడో ఇప్పుడు అతనికే తెలియడం లేదు.

"ఇన్నాళ్లూ అద్దంలో నేను లేను. సరే అనుకున్నాను. ఇప్పుడు వాడున్నాడు. నవ్వితే చాలు, వస్తాడు." ఆమె ప్లేటు తీసి బల్ల మీద పెట్టింది. "మీరు ఒక్కరైనా నన్ను నవ్వించాలని చూడటం లేదనుకున్నానండీ."

"మళ్ల చేస్త. వరసగ పెడ్త."

"ఎన్నిసార్లు చేస్తారు?" అని కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వెళ్లిపోయింది.

అతను మళ్లీ చేసేలోపలే సూర్యారావు వచ్చి, ఎలా ఉన్నదైనా సరే ఇమ్మని ఆ ప్లేటే తీసుకెళ్లాడు. చూపులవాళ్లు బయల్దేరారట. కొద్ది రోజులకి మళ్లీ వచ్చాడు. స్టూలు మీద కూలబడి, ఎవరికి చెప్పుకోవాలో తెలియక ఇతనికి చెప్పినట్టు చెప్పాడు.

"పెళ్లికొడుకు తల్లి మంచి మనిషే. అమ్మాయి మొహంలో కళ లేదు, ఒకసారి నవ్వమనండి అంది. మా అమ్మాయి పళ్లు తీసి సాసర్లో పెట్టింది. ఇవి నావి కావండీ అంది. మా తమ్ముడు ఎలా పోయాడో చెప్తాను వినండి అని మొదలుపెట్టింది. వాళ్లు మొత్తం విన్నారు. కాఫీ కూడా తాగారు. వెళ్లిపోయారు."

"కోపం చేసిండ్రా మేడంని?"

"ఎవరు చేస్తారు? ఆ స్కూటరు కొనిచ్చింది నేను." సూర్యారావు అరచేతులు చూసుకున్నాడు. "రాజీనామా ఇచ్చేశాను. తణుకు వెళ్లిపోతున్నాం. ఈ నేల మాకు అచ్చిరాలేదయ్యా."

మర్నాడు కిష్టప్ప ఇస్త్రీ చొక్కా తొడుక్కుని క్వార్టర్స్‌కి వెళ్లాడు. ముందు గదినిండా కట్టిన మూటలు, అట్టపెట్టెలు. పెరటి గుమ్మంలో బుల్లెమ్మ. నాగరత్నం తాడు ముడేస్తూ తలెత్తింది. అతను సూర్యారావు వైపు తిరిగి నిలబడ్డాడు కానీ మాట ఆమెకే చెప్పాడు.

"నాకు మాట్లాడొస్తలేదు. మిమ్మల్ని చేసుకోవాలనుంది. మిమ్మల్ని అడగకుండ ఒక్కటి చేసిన, తప్పైంది. ఇప్పుడు అడుగుతున్న. మా ఇల్లు చిన్నది. ఆ ఇంట్ల మిమ్మల్ని ఎవ్వరు నవ్వమనరు."

సూర్యారావు చేతిలో పెట్టె కింద పెట్టాడు.

"ఎప్పటికీ నవ్వకపోతే?" అంది నాగరత్నం.

"నవ్వకపోతె మానె."

ఆమె తాడు వదిలేసింది. "మీది ఏ ఊరు?" అని అడిగింది.

"లక్డారం."

బుల్లెమ్మ మొహం గోడవైపు తిప్పుకుంది. కిష్టప్ప ఒకళ్ల తరవాత ఒకళ్లని చూశాడు. అప్పుడు సూర్యారావు, "మావాడు పోయింది లక్డారం స్టేజి దగ్గరేనయ్యా," అన్నాడు.

ఎక్కడ అని కిష్టప్ప ఎప్పుడూ అడగలేదు. రోజూ బస్సు దిగేది అక్కడే. పోయిన వానాకాలం ఒక సాయంత్రం రోడ్డు మీద పగిలిన అద్దం ముక్కలు దాటుకుంటూ నడిచి ఇంటికెళ్లడం గుర్తొచ్చింది. ఆకలిగా ఉంది ఆ రోజు. ఆగలేదు.

"వేరే దారి లేదా మీ ఊరికి?" అంది నాగరత్నం.

"లేదు."

అబద్ధం చెప్పడానికి కూడా వీల్లేని సంగతి. చెప్పుల్లో కాళ్లు పెట్టుకుని అతను బయటికి వచ్చేశాడు. ఎవరూ వెనక్కి పిలవలేదు.

తరవాతి రోజులు ఎలా గడిచాయో అతను ఎవరికీ చెప్పలేదు. సూర్యారావుగారి సామాను లారీ వెళ్లిపోయిందని డాక్టరు చెప్పాడు. కిష్టప్ప తల ఊపి, ఎవరిదో సెట్టుకి పాలిష్ పట్టడంలో మునిగిపోయాడు. బస్సు స్టేజి దగ్గర ఆగితే దిగడం కష్టంగా ఉండేది. ఒక స్టేజి ముందే దిగి, రోడ్డు వెంట లారీల దుమ్ములో నడిచి వచ్చేవాడు. అలా వచ్చినా చివరికి అదే మలుపు తిరగాలి. అన్నం దగ్గర కూర్చుని కలిపి, తినకుండా చెయ్యి కడిగేసుకుంటుంటే దేవమ్మ చూస్తూ ఊరుకుంది. ఒకరోజు మాత్రం, "పోయినోళ్లను ఏం జేస్తం బిడ్డా," అంది. ఆమె మనసు మారిందని అతనికి తెలిసింది. తెలిసి ఏం లాభం.

సెలవు రోజు మధ్యాహ్నం, అతను వాకిట్లో సైకిలు గొలుసు సరిచేస్తున్నాడు. ఇద్దరు ఆడవాళ్లు రోడ్డు వైపు నుంచి నడిచి వస్తున్నారు. పెద్దావిడ చెయ్యి చిన్నామె పట్టుకుంది. చిన్నామె కొంగు భుజం మీద ఉంది, నోటికి అడ్డం లేదు.

కిష్టప్ప లేచి నిలబడ్డాడు. చేతులకి నూనె మరకలు. ఎక్కడ తుడుచుకోవాలో తోచలేదు.

"సామాను వెళ్లిపోయింది," అంది నాగరత్నం. "మేం వెళ్లలేకపోయాం. అమ్మ రానంది. వాణ్ణి ఇక్కడ వదిలేసి ఎక్కడికెళ్తామంది." ఊపిరి తీసుకుంది. "స్టేజి దగ్గర దిగాం. చాలాసేపు నిలబడ్డాం. చచ్చిపోతాననుకున్నాను. తరవాత నడవొచ్చనిపించింది."

ఆమె నోట్లో ప్లేటు ఉంది. పక్కపన్ను కొద్దిగా ముందుకి ఎక్కి ఉంది.

"మీరన్న మాట మీద ఉంటారా?"

"ఉంట."

"ఎప్పుడైనా నాకే నవ్వొస్తే? అప్పుడు ఏమీ అనకూడదు. చూడకూడదు."

"సూడను," అన్నాడు కిష్టప్ప. అతని కళ్లు నిండిపోయాయి. పక్కకి తిరిగాడు.

దేవమ్మ లోపలి నుంచి వచ్చి, వచ్చినవాళ్లని పైనుంచి కిందిదాకా చూసింది. కొడుకుని చూసింది. మంచం తెచ్చి వాల్చింది. బుల్లెమ్మ కూర్చోలేదు.

"ఆయన స్టేజి దగ్గరే ఉండిపోయారు బాబూ. కాలు పడటం లేదన్నారు."

కిష్టప్ప ఆ నూనె చేతులతోనే రోడ్డు దాకా పరుగెత్తాడు. స్టేజి దగ్గర కల్వర్టు మీద సూర్యారావు కూర్చుని ఉన్నాడు. లారీలు గాలి కొట్టుకుంటూ పోతున్నాయి. కిష్టప్ప పక్కన కూర్చున్నాడు. ఇద్దరూ రోడ్డునే చూశారు.

"మా అమ్మాయి ఏడుస్తోందా?" అన్నాడు సూర్యారావు.

"లేదు."

"మీ అమ్మగారేమన్నారు?"

"మంచం వాల్చింది."

సూర్యారావు రోడ్డు మీద ఒక చోటే చూస్తూ ఉన్నాడు. అక్కడ ఏ గుర్తూ లేదు. ఇంకా కొన్ని లారీలు పోయాయి. అప్పుడు ఆయన కిష్టప్ప భుజం మీద చెయ్యి వేసి, అతను రెండో చెయ్యి పట్టుకుంటే బరువంతా మోపి లేచాడు.

"వదిలేయకు," అన్నాడు. "పద."